అడవి పోరాటానికి హైదరాబాద్‌లో ఉండి తోడు నిలవడం ఎలా?

ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌లో ఒక ఎండాకాలం పగలు చూసిన దృశ్యం నన్ను ఇప్పటికీ వదలలేదు. ఏజెన్సీ ఊళ్ల నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన నలభై మంది దాకా ఆడవాళ్లు, మగవాళ్లు టెంటు అంచున కూర్చున్నారు. సగం మంది నీడలో, సగం మంది ఎండలో. టెంటు నడుమ కుర్చీల్లో నగరం వాళ్లం. పదకొండింటికి మైకు మొదలైంది. సంఘీభావం తెలపడానికి వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అందరూ మంచివాళ్లే, అందరూ వాళ్ల పక్షమే. పోలీసులు అనుమతించిన సమయం ముగియవస్తోందనగా ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడను పిలిచారు. ఆమె గోండిలో మొదలుపెట్టింది. రెండు నిమిషాలు గడవకముందే వెనక నుంచి ఎవరో "అమ్మా, తెలుగులో చెప్పు, తొందరగా ముగించు" అన్నారు. ఆమె కాసేపు ఆగి, మైకు ఇచ్చేసి, వెళ్లి తన చోట కూర్చుంది. మర్నాడు పత్రికలో వచ్చిన ఫొటోలో ఆమె ముఖం ఉంది. కింద వార్తలో ఉన్నవి మాత్రం మా మాటలు.

ఆ కుర్చీల్లో నేనూ ఒకడిని. మా సభ కోసమే వాళ్లు వచ్చినట్టు మేం ప్రవర్తించాం. అప్పటి నుంచి పోరాటాల వాళ్లతో తిరుగుతూ, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేర్చుకున్నది వరుసగా రాస్తున్నాను. ఇందులో ప్రధానమైన మాట ముందే చెప్పేస్తాను: అడవిలో పోరాటం ఎలా నడపాలో అడవిలో ఉన్నవాళ్లకు తెలుసు. వాళ్లకు దూరంగా ఉన్నది హైకోర్టు, సచివాలయం, అరణ్యభవన్, పత్రికల ఆఫీసులు, పెద్దాసుపత్రులు. అవన్నీ మన ఊళ్లో ఉన్నాయి. కాబట్టి మన పనిలో ఎక్కువ భాగం కూడా మన ఊళ్లోనే ఉంది.

మొదటి అడుగు: మీ ఇంటి కుళాయి దగ్గర మొదలుపెట్టండి

"పాపం అడవిబిడ్డలు" అన్న మాటతో మొదలైన సాయం ఎక్కువ దూరం పోదు. జాలిపడే మనిషి ఎప్పుడూ ఒక మెట్టు పైన నిలబడే మాట్లాడతాడు. ఒక కాగితం తీసుకుని, మీ ఇల్లు ఎవరి నేల మీద ఆధారపడి నడుస్తోందో రాసుకోండి. హైదరాబాద్ తాగే నీళ్లలో పెద్ద భాగం నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణ, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి. మన కరెంటులో సింగరేణి బొగ్గు ఉంది. ఆ బొగ్గు వచ్చేది కోయలు, గోండులు, నాయకపోళ్లు తరతరాలుగా బతుకుతున్న గోదావరి లోయ నుంచి. యురేనియం కోసం నల్లమలను తొలిచి చూడాలన్న అణుఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం బేగంపేటలో ఉంది. ఈ లెక్క రాసుకున్నాక "మీకు సాయం చేయడానికి వచ్చాం" అన్న మాట నోటికి రాదు. "ఇందులో మా వాటా ఇంత ఉంది, ఏం చేయమంటారు?" అన్నది వస్తుంది.

2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో రాత్రీ పగలూ జేసీబీలు తిరిగినప్పుడు ఈ నగరం కదిలింది. కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. ఆ రోజుల్లో కలిగిన గుబులు గుర్తుంటే మంచిదే. కానీ మనకు పోయేది ఊపిరాడే చోటు, నెమళ్ల అరుపు. అడవి పోతే చెంచు కుటుంబానికి ఇల్లు, తిండి, తేనె, దేవుడు, తాతల సమాధులు ఒక్కసారిగా పోతాయి. రెండింటినీ ఒకే తక్కెడలో వేయకండి.

రెండో అడుగు: వెళ్లి అడిగే ముందు చదవండి

నగరం నుంచి వచ్చిన ప్రతి కొత్త మనిషికీ ఇంద్రవెల్లి కథ మొదటి నుంచి చెప్పాల్సి రావడం ఆ ఊళ్ల వాళ్లకు ఒక అదనపు చాకిరీ. ఎవరికి వారే తెలుసుకోగలిగినవి తెలుసుకుని వెళ్లండి. మాసబ్‌ట్యాంక్‌లో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది, ఒక పూట అక్కడ గడపవచ్చు. ట్యాంక్‌బండ్ మీద కుమ్రం భీం విగ్రహం ముందు నుంచి రోజూ వెళ్తాం. జల్, జంగల్, జమీన్ అన్న మాట ఆయనతోనే మన దాకా వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో ఆయన చనిపోయారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. (ఇంటిపేరు కుమ్రం. నగరం వాళ్లం చాలాకాలం "కొమురం" అని రాశాం. ఒక మనిషిని గౌరవించాలంటే ముందు ఆయన పేరు ఆయనవాళ్లు పలికినట్టు పలకాలి.) 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వస్తున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో మృతులు 13 మంది. అంతకన్నా చాలా ఎక్కువని ఊళ్లు చెబుతాయి. ఆ ఊళ్ల వాళ్లు పోలీసు వాహనం చూసినప్పుడు, "ప్రభుత్వ సర్వే" అన్న మాట విన్నప్పుడు ఎందుకు వెనక్కి తగ్గుతారో ఈ రెండు తేదీలు తెలిస్తే అర్థమవుతుంది.

ఇక చట్టం. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే నగరం మనిషి చేతిలో నిజంగా పనికొచ్చేది ఇదే.

రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద కొన్ని ప్రాంతాలు షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక నిబంధన వచ్చింది. దాన్ని 1970లో గట్టిపరిచారు. అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అనేది దాన్నే. బొర్రా గుహల పరిసరాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చినప్పుడు సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. ఆ నిబంధనలోని "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదని 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమత తీర్పు అంటే ఇదే.

1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు బలం ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాగుభూమి మీద కుటుంబానికి, అడవి మీద ఊరు ఊరంతటికీ ఉమ్మడిగా హక్కులు గుర్తించింది. ఆ హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ అడవి నుంచి ఖాళీ చేయించకూడదని అందులోని నాలుగో సెక్షను చెబుతుంది. ఈ చట్టం కింద జరిగే గ్రామసభకు సగం మంది సభ్యులైనా రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు మంది మహిళలు ఉండాలి. ఈ బలం ఎంతటిదో ఒడిశాలో నియమగిరి చూపించింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అక్కడి బాక్సైట్ గని మీద నిర్ణయం గ్రామసభలకే వదిలింది. కొండ మీద, కొండ వాలులో 12 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. 12 ఊళ్లూ గని వద్దన్నాయి.

ఇవి బట్టీ పట్టి ఊరికి వెళ్లి పాఠం చెప్పడానికి రాయలేదు. చాలా ఊళ్లలో ఈ సెక్షన్లు మీకంటే బాగా తెలిసిన యువకులు ఉంటారు. ఊళ్లో ఎవరైనా ఒక కాగితం చూపించినప్పుడు మీ కన్ను ఎక్కడ ఆగాలో తెలియడం కోసం ఇవి. ఉదాహరణకు గ్రామసభ రిజిస్టరు. తేదీ ఉందా, ఎంతమంది వచ్చారు, ఆడవాళ్లు ఎందరు, వేలిముద్రలు తీర్మానం కింద ఉన్నాయా లేక విడి హాజరు పట్టీ మీద ఉన్నాయా? హాజరు కోసం అడిగి తీసుకున్న వేలిముద్రలు తర్వాత అంగీకారంగా మారిపోయాయన్న ఫిర్యాదు గనుల ప్రాంతాల్లో తరచూ వినబడుతుంది.

మూడో అడుగు: ఇది ఎవరి పోరాటం, ఎవరి మాట?

"ఆదివాసులు ఏమంటున్నారు?" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. గోండులు, కోయలు, కొలాములు, తోటులు, పర్ధానులు, నాయకపోళ్లు, కొండరెడ్లు, చెంచులు ఎవరికి వారే. ఆదిలాబాద్ వైపు గోండు ఊళ్లో పటేల్ ఉంటారు, పూజకు దేవారి ఉంటారు, కొన్ని ఊళ్లకు కలిపి రాయి సెంటర్ అనే పంచాయితీ, దానికి పెద్దగా సార్మేడి ఉంటారు. చెంచుల పెంటలో (తమ గూడేన్ని వాళ్లు పెంట అంటారు) వ్యవస్థ వేరు. సంఘాలు, విద్యార్థి సంఘాలు, పార్టీలకు అనుబంధమైనవి మళ్లీ వేరు. నగరంలో బాగా మాట్లాడగలిగే ఒక నాయకుడు పరిచయం కాగానే అందరి మాటా ఆయనదే అనుకోకండి. రెండు మూడు వైపుల నుంచి అడగండి. ఆడవాళ్లను విడిగా అడగడం మరవకండి.

పిలుపు విషయం కూడా ఇంతే. "గిరిజనులు" ప్రభుత్వ కాగితాల మాట, "ఆదివాసులు" హక్కు చెప్పుకునే మాట. తెగ పేరుతో పిలవడం చాలామందికి ఇష్టం. అమెరికాలో 2016లో స్టాండింగ్ రాక్ సూ తెగ వాళ్లు తమ నది కింద చమురు పైపు వేయడాన్ని అడ్డుకున్నప్పుడు తమను నిరసనకారులని కాక జలసంరక్షకులని పిలవమని అడిగారు. వాళ్లు ఎంచుకున్న మాట మీకు ఎంత కొత్తగా ఉన్నా అదే వాడండి.

ఇప్పుడు పర్యావరణాన్ని ప్రేమించే నగరవాసికి కష్టంగా ఉండే సంగతి చెప్పాలి. మనం పులిని ప్రేమిస్తాం. ఆదివాసులు పులితోపాటు బతుకుతారు. 2025 మే చివర కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులుల రాకపోకల దారిని సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. నగరంలో చాలామందికి అది మంచి వార్తలా కనిపించింది. అక్కడి ఆదివాసీ సంఘాలు మాత్రం తమ ఊళ్లు, పోడు భూములు ఏమవుతాయని రోడ్డెక్కాయి, బంద్‌కు పిలుపునిచ్చాయి. జులైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలిపివేసింది. పులుల అభయారణ్యం లోపలి ఊళ్లను బయటకు తరలించేటప్పుడు కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. కొన్ని కుటుంబాలు తీసుకుని వెళ్తామంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. ఒకే పెంటలో రెండు మాటలూ వినబడతాయి. పిల్లల చదువు కోసం రోడ్డు పక్కకు వెళ్తామన్న తల్లిని "అడవి వదిలేస్తావా?" అని నగరం మనిషి అడగకూడదు. ఆ ప్రశ్న అడిగే అర్హత అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఉంది.

మొక్కలు నాటే కార్యక్రమాలకు చందా ఇచ్చే ముందు కూడా ఒకటి అడగండి: ఏ నేలలో నాటుతున్నారు? పోడు సాగు చేస్తున్న భూమిలో గుంతలు తవ్వి మొక్కలు పెట్టడం ఈ రాష్ట్రంలో ఎన్ని తగాదాలకు కారణమైందో పత్రికలు చదివేవాళ్లకు తెలుసు.

లంబాడాల ఎస్టీ హోదా మీద ఆదిలాబాద్ ప్రాంతంలో 2017 నుంచి నలుగుతున్న వివాదం లాంటి వాటిలో తీర్పు చెప్పకండి. వినండి, అంతే.

నాలుగో అడుగు: పిలిస్తేనే వెళ్లండి

ఊరికి వెళ్లాలనిపించడం సహజం. ముందు ఫోను చేసి, ఎందుకు వస్తున్నారో, ఎందరు వస్తున్నారో, ఎంతసేపు ఉంటారో చెప్పి, రావచ్చా అని అడగండి. "ఇప్పుడు వద్దు" అంటే వద్దనే. విత్తనాలు వేసే రోజులు, ఇప్పపువ్వు ఏరే రోజులు, ఇంట్లో చావు, పోలీసుల తిరుగుడు, కారణం ఏదైనా కావచ్చు. దాన్ని మీకు వివరించాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. అభయారణ్యం లోపలి పెంటలకు అటవీశాఖ అనుమతి కావాలి. పర్యాటకులమని చెప్పి లోపలికి దూరితే తర్వాత ఇబ్బంది పడేది మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టిన కుటుంబం. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు గేటు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటుంది. ప్రయాణం దానికి తగ్గట్టు వేసుకోండి.

వెళ్లినప్పుడు మీ బియ్యం, పప్పు, కూరగాయలు మీరే తీసుకెళ్లి వంటింటికి అప్పగించండి. నాటుకోడి కోస్తామంటే ఒకసారి వద్దని చెప్పండి. రెండోసారి కూడా అంటే కాదనకండి, అది వాళ్ల మర్యాద. పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్లు, చాక్లెట్లు పంచి ఫొటోలు దిగే పని చేయొద్దు. పాత బట్టల మూటలు తీసుకెళ్లవద్దు. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోండి. చెప్పులు ఎక్కడ విప్పాలి, ఏ గుడి దగ్గరికి వెళ్లకూడదు, ఏ చెట్టు తాకకూడదు అని అడిగి తెలుసుకోండి. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరకు ఎవరైనా వెళ్లవచ్చు. కానీ గోదావరి నీళ్లు తెచ్చి చేసే పూజ, కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ మెస్రం వంశం వాళ్లవి. కెమెరా పట్టుకుని ముందుకు తోసుకుపోయే చోటు అది కాదు. ఆ జాతరలోనే 1940ల్లో హైమెండార్ఫ్ మొదలుపెట్టించిన దర్బారు ఇప్పటికీ జరుగుతోంది. అధికారుల ముందు ఆదివాసులు తమ గోడు చెప్పుకునే ఆ సభలో వెనక వరసలో కూర్చుని వింటే, ఏ ఏడాదికి ఆ ఏడాది అసలు సమస్యలు ఏమిటో తెలుస్తాయి.

అయిదో అడుగు: నగరంలో మీ పని

అసలు పని ఇక్కడ ఉంది.

హైకోర్టులో కేసు ఉన్న ఊరి పెద్దలు నలుగురు రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున నాలుగున్నరకో అయిదింటికో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగుతారు. కోర్టు పదిన్నరకు. మధ్యలో ఆరు గంటలు ప్లాట్‌ఫారం మీద సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంటారు. ముఖం కడుక్కోవడానికి, ఆడవాళ్లు చీర మార్చుకోవడానికి చోటు వెతుక్కోవాలి. టీ, ఇడ్లీ, ఆటో అన్నీ కలిపితే కూలి డబ్బులు అయిపోతాయి. కోర్టులో కేసు వాయిదా పడితే అదే బాట మళ్లీ. ఈ ఆరు గంటలు మీరు తీర్చగలరు. అఫ్జల్‌గంజ్, మలక్‌పేట, కాచిగూడ వైపు ఇల్లు ఉన్నవాళ్లు ఒక గది, ఒక స్నానాలగది, నాలుగు చాపలు సిద్ధంగా పెట్టుకుంటే చాలు. ఇలా తలుపు తీసే ఇళ్లు పది ఉంటే, ఒక పోరాటం కోర్టులో రెండేళ్లు ఎక్కువ నిలబడగలదు. నా అనుభవంలో ఉపన్యాసాలన్నీ కలిపినా ఈ గదికి సాటి రావు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆ రోజు కేసు జాబితాలో ఉందో లేదో ముందు రోజు సాయంత్రమే హైకోర్టు వెబ్‌సైట్‌లో చూసి ఫోను చేయడం వల్ల ఒక వృథా ప్రయాణం తప్పుతుంది. నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో గాంధీలోనో రోగిని చేర్చాల్సి వస్తే, ఓపీ చీటీ నుంచి స్కానింగ్ గది దాకా వెంట ఉండే ఒక మనిషి కావాలి. భాష రాని చోట తోడు మనిషే మందు.

కాగితాల పని చదువుకున్న నగరవాసికి బాగా సరిపోతుంది. గని లేదా పెద్ద ప్రాజెక్టు వచ్చేటప్పుడు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక తయారవుతుంది. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ఇంగ్లిషులో వందల పేజీలు ఉండే నివేదికకు తెలుగులో దొరికేది పలుచని సారాంశం ఒక్కటే. అందులో నీళ్ల గురించి, తరలించే ఊళ్ల గురించి, దుమ్ము గురించి ఉన్న పేజీలు వెతికి తెలుగులోకి మార్చి, ఆ 30 రోజుల్లో మొదటి పది రోజులకే ఊరికి చేర్చండి. రాసింది చదవలేని పెద్దవాళ్ల కోసం, ఊరి యువకుల చేత గోండిలోనో కొలామీలోనో చెప్పించి ఫోనులో రికార్డు చేయిస్తే ఊరి వాట్సాప్ గుంపులో అందరికీ చేరుతుంది. ఆ నివేదికలో ఏది తప్పో మీరు చెప్పకండి. "ఈ వాగు ఎండాకాలంలో ఎండిపోతుందని రాశారు, నిజమేనా?" అని అడగండి. వాగు పక్కన పుట్టినవాళ్లు నవ్వి, ఎండాకాలంలో చేపలు ఎక్కడ పడతారో చెబుతారు. ఆ జవాబే ప్రజాభిప్రాయ సేకరణలో అభ్యంతరం అవుతుంది. కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో అటవీ అనుమతుల దరఖాస్తులు ఉంటాయి. ఒక జిల్లా పేరు పెట్టుకుని నెలకు రెండుసార్లు చూస్తుండడం కూడా ఒక మనిషికి సరిపడే పని.

సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము జిల్లా, రాష్ట్ర కార్యాలయాల్లో 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, దానికీ తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు. ఊరి మనిషి పేరుతో వేస్తే మర్నాడే ఎవరో ఇంటికి వచ్చి "ఎందుకు వేశావు?" అని అడుగుతారు. మీ పేరుతో, మీ నగరం చిరునామాతో వేయండి. ఏమి అడగాలన్నది మాత్రం ఊరు చెప్పాలి. అనుకోని ప్రశ్న ఒకటి వేసి నిద్రపోతున్న ఫైలును లేపితే నష్టం వాళ్లకే.

ఇక ధర్నాచౌక్. పోలీసు అనుమతి దరఖాస్తు మీద ఎవరి పేరు ఉంటే బాధ్యత వాళ్లది. ఊరి వాళ్లు సరేనంటే ఆ సంతకం మీరు చేయండి. టెంటు, మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడో ముందే చూసి పెట్టండి. నీడ ఊరి వాళ్లకు, ఎండ మనకు. మొదట మాట్లాడేది వాళ్లు, వాళ్ల భాషలో, వాళ్లకు కావలసినంత సేపు. తెలుగులోకి చెప్పడానికి ఒక మనిషిని ముందే అడిగి పెట్టుకోండి. నగరం నుంచి వచ్చిన పెద్దలు సమయం మిగిలితేనే మాట్లాడాలని ఆహ్వానించేటప్పుడే చెప్పండి. కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రంలోనో ప్రెస్‌క్లబ్‌లోనో సమావేశం పెట్టినా ఇదే పద్ధతి. విలేకరి మీ దగ్గరికి వస్తే, పక్కన ఉన్న ఊరి మనిషి వైపు మైకు తిప్పండి.

ఆరో అడుగు: ఫోను జేబులో ఉంచండి

2019 మే నెలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. అమ్రాబాద్, పదర మండలాల్లో చెంచులు, రైతులు, యువకులు రోడ్ల మీదికి వచ్చారు. సెప్టెంబరు నాటికి హైదరాబాద్ ఫోన్లన్నీ "సేవ్ నల్లమల" తో నిండిపోయాయి, సినిమావాళ్లు కూడా గొంతు కలిపారు. సెప్టెంబరు 16న అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. నగరం గొంతు కలపడం పనికొచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ రోజుల్లో నేను చూసిన బొమ్మల్లో పులి ఉంది, పచ్చని లోయ ఉంది. చెంచు మనిషి చాలా అరుదుగా కనిపించాడు, కనిపించినా విల్లు పట్టుకున్న బొమ్మగానే. ఏదైనా పంచేటప్పుడు ఊరి సంఘం రాసిన ప్రకటన ఉందేమో వెతకండి. ఉంటే దాన్ని యథాతథంగా పంచండి, మీ వ్యాఖ్య తర్వాత.

ఫొటోల విషయంలో గట్టిగా ఉండండి. నిరసనలో ముఖాలు కనిపించే ఫొటో ఒకటి చాలు, మనుషుల్ని గుర్తుపట్టి కేసులో పేర్లు చేర్చడానికి. మీరు రాత్రి బస్సెక్కి వచ్చేస్తారు, కేసు ఆ ఊళ్లో ఉండిపోతుంది. వాయిదాలకు తిరగాల్సింది వాళ్లే. కాబట్టి తీసే ముందు అడగాలి, ఎక్కడ పెడతారో చెప్పాలి, తీసింది చూపించాలి. ఊరి పేరు, దారి, సమావేశం ఎప్పుడన్నది రాయకండి. పిల్లల ముఖాలు అసలే వద్దు. ఊరి వాట్సాప్ గుంపులో మిమ్మల్ని చేర్చుకుంటే, అందులోది ఒక్క ముక్క కూడా బయటికి పోకూడదు.

ఏడో అడుగు: డబ్బు

వాళ్లు అడగకుండా చందాలు వసూలు చేయకండి. అడిగితే దేనికో స్పష్టంగా తెలుసుకోండి. ఎక్కువగా అడిగేది ప్రయాణ ఖర్చులు, జిరాక్సులు, లాయరు ఫీజు, బెయిలు ఖర్చులే. లెక్క ఊరు చూసుకోవాలి. వసూలైన డబ్బు మీ ఖాతాలో ఉంటే ప్రతి రూపాయి లెక్కా వాళ్ల సమావేశంలో చదివి వినిపించండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో "పర్యావరణ విడిది" పేరుతో స్థలం తీసుకుందామని ఎవరైనా మిమ్మల్ని పిలిస్తే, వన్ ఆఫ్ సెవెంటీ గుర్తు చేసి పక్కకు తప్పుకోండి.

ఎనిమిదో అడుగు: వార్త చల్లారాక

విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాలకు దారి తీసే జీవో 97 వచ్చింది 2015 నవంబరులో. రద్దయింది 2019లో. నడుమ నాలుగేళ్లు. పత్రికల్లో దాని గురించి గట్టిగా వచ్చిన రోజులు లెక్కపెడితే ఎన్నో కావు. మిగతా రోజుల్లో ఊళ్లు వాయిదాలకు తిరిగాయి, గ్రామసభలు పెట్టుకున్నాయి, పంటలు వేసుకున్నాయి. తోడు నిలవడం అంటే ఆ మిగతా రోజులే.

కాబట్టి మీ శక్తికి మించి మాట ఇవ్వకండి. నెలకు ఒక ఆదివారం ఇవ్వగలిగితే అదే చెప్పండి, ఆ ఆదివారం తప్పకండి. ఉద్యోగం మారి, పిల్లల పరీక్షలు వచ్చి కుదరకపోతే ముందే చెప్పి, పని మరొకరికి అప్పగించి, కాగితాలన్నీ వాళ్ల చేతికిచ్చి తప్పుకోండి. చెప్పకుండా మాయమయ్యే మద్దతుదారుల కోసం ఊళ్లో ఎదురుచూస్తారు.

తప్పు చేస్తారు. నేను చేశాను. ఎవరైనా "మీరు అలా అనకుండా ఉండాల్సింది" అంటే, ఎందుకు అన్నానో వివరించే పని పెట్టుకోకండి. సరే అని, దిద్దుకుని, పనిలో పడండి. ధర్నాచౌక్‌లో జరిగినదానికి నేను ఆ పెద్దావిడకు రెండేళ్ల తర్వాత క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె ఊరికి వేరే పని మీద రమ్మంటే వెళ్లినప్పుడు ఆమె పక్కన కూర్చుని, ఆ రోజు ఆగిపోయిన మాట ఏమిటని అడిగాను. ఆమె మనవరాలు తెలుగులో చెప్పింది. వాళ్ల ఊరి దేవత ఉండే గట్టు సర్వే నెంబరు ఆమెకు తెలియదు, కానీ దాని చుట్టూ ఏ ఏ చెట్లు ఏ వరసలో ఉన్నాయో ఒక్కొక్కటిగా చెప్పాలనుకుందట. కోర్టులో అదే సాక్ష్యం అవుతుందని ఆమె అనుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె చెబుతుంటే మేం ఒక కాగితం మీద ఆ చెట్లన్నీ గీసుకున్నాం. ఇరవై రెండు చెట్లు. దాని నకలు ఒకటి ఇప్పుడు వాళ్ల ఉమ్మడి అటవీ హక్కుల దరఖాస్తుకు జతచేసి ఉంది.

వచ్చే నెల వాళ్లలో ముగ్గురు ఆ దరఖాస్తు ఏమైందో కనుక్కోవడానికి నగరానికి వస్తున్నారు. బస్సు కరీంనగర్ మీదుగా వస్తుంది. శామీర్‌పేట దాటగానే ఫోను చేస్తామన్నారు. జూబ్లీ బస్‌స్టేషన్‌కు అక్కడి నుంచి అరగంట పైనే పడుతుంది. నీళ్లు వేడి పెట్టడానికి ఆ సమయం సరిపోతుంది.